మూడు విగ్రహాలు, ఎనిమిది వేళ్లు

ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా నేను చేరింది ఒక జూన్ నెల ఇరవై మూడో తేదీ, సోమవారం, మధ్యాహ్నం పూట. ఉదయం చేరారా, మధ్యాహ్నం చేరారా అన్నది కూడా సర్వీసు పుస్తకంలో రాస్తారు. ఇది ముప్ఫై ఏళ్లు దాటిన సంగతి. అప్పటికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఆ ఒక్క జిల్లాలోనే ఉండేవి. సిమెంటు ఫ్యాక్టరీలు, జిన్నింగు మిల్లులు పోను నా తనిఖీ కింద ఎక్కువగా ఉన్నవి మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లులు. ఈ సంగతి వాటిలో ఒకదానిది. మిల్లు పేరు రాయను. అది ఇప్పటికీ నడుస్తోంది, అప్పటికంటే మూడింతలైంది.

ఈ ఉద్యోగం తెలియనివారికి కొంత చెప్పాలి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు బియ్యం నాణ్యత చూడడు, పన్నులు చూడడు. తిరిగే భాగాలను చూస్తాడు. బెల్టు, పుల్లీ, షాఫ్టు, పళ్ల చక్రం, ఇలా మనిషి చెయ్యి గానీ, పంచె అంచు గానీ, జడ గానీ చిక్కుకునే చోటల్లా జాలీ తొడుగో రేకు తొడుగో ఉండాలి. చట్టం దాన్ని కంచె అంటుంది. తనిఖీ అయ్యాక మిల్లులో ఉండే తనిఖీ పుస్తకంలో చూసినవి, చేయవలసినవి రాసి సంతకం పెట్టాలి. పుస్తకం మిల్లులోనే ఉంటుంది, కార్బను ప్రతి మా ఆఫీసుకు వస్తుంది. ఇది కాక నా సొంత డైరీ ఒకటి ఉండేది. పద్నాలుగో ఏట మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు.

ఇంకొక నిబంధన. ప్రమాదంలో దెబ్బ తగిలిన కార్మికుడు నలభై ఎనిమిది గంటల పాటు పని చేయలేకపోతే యజమాని మాకు నోటీసు పంపాలి. నోటీసు వస్తే విచారణ జరుగుతుంది. కంచె లేదని తేలితే కేసు పెడతాం. మనిషి ఆలోగా పనిలోకి వచ్చేస్తే నోటీసు అక్కర్లేదు. చిన్న చిన్న గాట్లకు కాగితాలు పెరగకూడదని ఆ నిబంధన రాసి ఉంటారు. మిల్లులవాళ్లు దాన్ని ఎలా చదువుకున్నారో తర్వాత చెబుతాను.

రిటైరయ్యాక సూర్యాపేటలో స్థిరపడ్డాను. పోయిన ఏడాది ఎండలు ముదరకముందు, ఒక ఉదయం నడకకు వెళ్లినప్పుడు ఆటస్థలం ముందు కొత్త విగ్రహం కనిపించింది. నడుమెత్తు దిమ్మె, దాని మీద కంచు రంగు పూసిన సిమెంటు మనిషి. దిమ్మె మీద పేరు చదివి ఆగాను. కొక్కెం సక్రు.

ఈ మూడు పట్టణాల్లో యాభై దాటిన ఎవరినడిగినా ఆ పేరు చెబుతారు. వేములపల్లి దగ్గరి ఒక తండా మనిషి. మిల్లులో హమాలీ పని చేస్తూ కబడ్డీ ఆడి, జిల్లా జట్టుకూ ఆపైన రాష్ట్ర జట్టుకూ ఎదిగాడు. ఎడమ మూల అతనిది. కూతకు వచ్చినవాడు గీత వైపు కాలు చాపితే చాలు, నేలకు వంగి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎడమ చెయ్యి విసిరి చీలమండ పట్టేవాడు. ఆ పట్టు విడిపించుకుని గీత దాటినవాణ్ణి నేను చూడలేదు. ఆ చేతికి ఉన్నవి మూడు వేళ్లే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. హమాలీలు బస్తా లేపే ఇనప కొక్కెంలా అవి కాలి చుట్టూ బిగిసేవి. అందుకే ఆ పేరు. రెండేళ్ల కిందట చనిపోయాడని పేపర్లో చదివాను.

విగ్రహం నిటారుగా నిలబడి ఉంది. బతికినన్నాళ్లూ వంగి ఆడినవాడు ఎన్నికల సభలో నాయకుడిలా ఎడమ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి విప్పి జనానికి చూపుతున్నాడు. ఉత్త కాళ్లతో ఆడినవాడికి బూట్లు తొడిగారు. నేను వేళ్లు లెక్కపెట్టాను. లెక్కపెట్టి చూడటం నాకు వృత్తి నేర్పిన అలవాటు. ఆ చేతికి అయిదు వేళ్లున్నాయి. దిమ్మె మీది నల్లరాతి పలక చదివాను. “జిల్లా గెలుపు కోసం కబడ్డీ బరిలో రెండు వేళ్లు అర్పించిన త్యాగశీలి” అని చెక్కించారు. కింద దాతల పేర్లున్నాయి. మొదటి పేరు నేను పైన చెప్పిన మిల్లు యజమానిది.

పైన పూర్తిగా పది వేళ్లు. కింద రెండు పోయాయని రాత. రెంటికీ మధ్య పదడుగుల దూరం లేదు. దీన్ని ఆవిష్కరించి, దండ వేసి, ఫోటో దిగి వెళ్లినవాళ్లలో ఒక్కరికైనా తల పైకీ కిందికీ ఆడించి చూడాలని తోచలేదా అని నాకు ఒళ్లు మండింది.

పక్కన ఆటో ఆపుకుని కూర్చున్న డ్రైవరు నన్నే చూస్తున్నాడు.

“ఏంది పెద్దసారూ, గంత సేపట్సంది సూస్తున్నవ్. సుట్టమా?”

“వేళ్లు లెక్కపెడుతున్నాను.”

“ఏం, తక్కువ వడ్డయా?”

“ఎక్కువ పడ్డాయి.”

“తక్కువైతె లొల్లి వెట్టుకునేటోళ్లను మస్తుమందిని సూసిన. ఎక్కువైనందుకు పరేషానయ్యేటోన్ని నిన్నే సూస్తున్న.”

ఇంటికి వచ్చి ఆ సంవత్సరపు డైరీ తీశాను. జూలై నెల, నేను చేరి నాలుగు వారాలు కాలేదు. ఆ పేజీ మూలలో ఆకుపచ్చ రంగు మరక ఒకటి, నా చూపుడు వేలి ముద్రతో సహా, ఇప్పటికీ ఉంది.

ఆ రోజు ఆ మిల్లుకు ఏటా జరిగే తనిఖీకి వెళ్లాను. వడ్లు పొట్టు తీసే షెల్లరు దగ్గర పెద్ద బెల్టు, పుల్లీ ఉన్నాయి. వాటి మీద జాలీ తొడుగు కొత్తగా బిగించి ఉంది. బోల్టుల దగ్గర తుప్పు లేదు. వేలు పెట్టి చూస్తే ఆకుపచ్చ పెయింటు అంటుకుంది. పక్క షెడ్డులో కాంటా దగ్గర ఒక యువకుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్లుంటాయి. ఎడమ చెయ్యి మణికట్టు దాకా కట్టు, కట్టు మీద ఎండిన రక్తం. మస్టరులో ఆ రోజు, ముందు రోజు కూడా అతను హాజరు. హమాలీ కుర్చీలో కూర్చోవడం ఏ మిల్లులోనూ చూడలేదు.

నిబంధనను మిల్లులవాళ్లు చదువుకున్న తీరు ఇదే. దెబ్బ తగిలినవాణ్ణి దవాఖానాలో కుట్లు వేయించి, నలభై ఎనిమిది గంటలు తిరిగేలోగా రిక్షాలో తెచ్చి మిల్లులో కూర్చోబెడితే చాలు. మస్టరులో హాజరు పడుతుంది, నోటీసు పంపనక్కర్లేదు.

అతని పేరు అడిగాను. సక్రు అన్నాడు. చేతికి ఏమైందంటే పక్కనున్న గుమాస్తా ముందుకొచ్చి, కబడ్డీలో దెబ్బ తగిలిందన్నాడు. గుమాస్తాను అవతలికి పంపి మళ్లీ అడిగాను. సక్రు నేల చూపులు చూస్తూ, కబడ్డీ సారు అనే అన్నాడు. ఎక్కడ ఆడావు అంటే, మా తండ బరిల అన్నాడు. సాయంత్రం తిరిగి వెళుతూ ఆ తండా పక్కన జీపు ఆపించాను. వారం రోజులుగా వాన. కబడ్డీ బరి ఉన్న చోట నీళ్లు నిలిచి, దాంట్లో గేదెలు పడుకుని ఉన్నాయి. వారంలో అక్కడ ఎవరూ ఆడలేదని చెప్పడానికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కానక్కర్లేదు.

ఇదంతా ఆ డైరీలో ఉంది. తడి పెయింటు, కుర్చీ, కట్టు, నీళ్లలో గేదెలు. తనిఖీ పుస్తకంలో ఏం రాశానో నాకు సరిగా గుర్తు లేదు. కంచె విషయం రాసి ఉంటాననుకున్నాను. నోటీసు లేదు, కార్మికుడి వాంగ్మూలం లేదు. నిలబడని కేసులు తేవద్దని చేరిన రోజే పై అధికారి చెప్పారు. అందువల్ల కేసు పెట్టలేదు. అంతవరకు గుర్తుంది.

పదిహేను రోజుల తర్వాత కోదాడలో రెండో విగ్రహం పెట్టారని తెలిసి బస్సెక్కాను. అదీ అదే నిలుపు, అదే చెయ్యి, అవే బూట్లు, పలక మీద అదే వాక్యం. ఎదురుగా ఉన్న టీ కొట్టతన్ని, విగ్రహం ఎవరు చేశారని అడిగితే అనంతగిరి రోడ్డులో ఉన్న శిల్పి షెడ్డు గుర్తులు చెప్పాడు.

“తొందరేం లేదు సార్, అక్కడే ఉంటాడు. ఇయ్యాల ఆయన చేతికి ఖాళీ లేదు, దేవుళ్లని చేస్తున్నాడు,” అన్నాడు. “మనుషులైతే రెండ్రోజుల్లో అయిపోతారు.”

శిల్పి నలభై ఏళ్ల మనిషి, మర్యాదగా మాట్లాడాడు. తనకు ఇచ్చిన ఫోటోలో ముఖం తప్ప ఏమీ లేదన్నాడు. ముఖం తను చేశాడు. ఒళ్లు, చేతులు అచ్చులో వచ్చాయి.

“ఇది నాయకుల చెయ్యండి. కోదాడ చుట్టుపక్కల మీరు ఎవరి విగ్రహం చూసినా ఇదే చెయ్యి. దీవిస్తున్నట్టూ ఉంటది, ఓటడిగినట్టూ ఉంటది. కబడ్డీకి వేరే అచ్చు కట్టాలంటే కమిటీవాళ్లు టైము లేదన్నారండి.”

“ఆయనకు ఎడమ చేతికి మూడే వేళ్లు. మీకు చెప్పలేదా?”

“ఎందుకు చెప్పలేదండీ, ఆయన భార్యే వచ్చి చెప్పింది. మొన్న. మూడో విగ్రహం ఇదుగో,” అంటూ షెడ్డు మూల గోనె కప్పి ఉన్న విగ్రహం చూపించాడు. “మిర్యాలగూడకి. ఆవిడ దీని ముందు నిలబడి, ఈ చెయ్యి ఎవరిదయ్యా, నా మొగుడిదైతే కాదు అంది. నేను కమిటీకి ఫోను చేశా. భిన్నమైన విగ్రహం ఊరికి మంచిది కాదు, వేళ్లు ఉండాల్సిందే అన్నారు. మేం మాత్రం ఏం చేస్తామండి?”

విరిగిన దేవుడి విగ్రహానికి పూజ చేయకూడదన్నది నాకూ తెలుసు. అది విగ్రహం విరిగితే. చేసినవాడి చెయ్యి జారి కాదు, బతికిన మనిషి చెయ్యే అలా ఉన్నప్పుడు దాన్ని భిన్నం అనడం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

మర్నాడే వేములపల్లి వెళ్లి తండాకు ఆటో కట్టించుకున్నాను. సక్రు భార్య పేరు కమిలి. వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నా పేరు చెబితే తెలియలేదు. ఉద్యోగం పేరు చెప్పగానే చేతిలో పని ఆపింది.

“మిల్లులకు జీపుల వస్తుండె, గా ఇన్‌స్పెక్టర్ సారువా నువ్వు? మా ఇంటాయన నీ మాట చెప్తుండె.”

ఏమని చెప్పేవాడని అడిగాను.

“గా సారుకు ఎరుకనే కమిలీ, నా చెయ్యి సూసిండు, బుక్కుల రాసుకున్నడు అని. గీ అబద్ధం ఎప్పుడన్న పోతదా అని నేనడిగితె గదే అంటుండె. రాసుకున్నడు గద, యాడనో ఓ కాడ ఉంటది అని.”

అసలు జరిగింది ఆమె చెప్పింది. షెల్లరు బెల్టు జారింది. బెల్టు ఎక్కించడం మిస్త్రీ పని. మిస్త్రీ లేడు. యంత్రం ఆపితే వడ్లు దాని గొంతులో బిగుసుకుంటాయని గుమాస్తా, బస్తా మోసుకొస్తున్న సక్రును పిలిచి, జర నూకు, అదే ఎక్కుతది అన్నాడు. సక్రు తిరుగుతున్న పుల్లీ మీదికి ఉత్త చేత్తో బెల్టు నెట్టాడు. రెండు వేళ్లు అక్కడ పోయాయి.

“మరి నేనడిగితే కబడ్డీ అని ఎందుకన్నాడమ్మా?”

“గుమాస్తా అన్నడంట, నువ్వు మిల్లు పేరు దీస్తె సారు మిల్లుకు తాళమేస్తడు, సీజన్ల మీ తండోళ్లంత ఖాళీగ కూసుంటరు, అందరి కూడు నీ నోట్లనే ఉన్నది అని. గందుకే అన్నడు. ఒక్కపారి అన్నంక ఇగ మల్లెట్ల మారుస్తడు? కప్పులిచ్చిన కాడ అడుగుతరు, పేపరోళ్లు అడుగుతరు, గదే చెప్పాలె. సచ్చెదాక గదే చెప్పిండు.”

మిల్లుకు తాళం వేసే అధికారం ఒక్క తనిఖీతో నాకు లేదు. కంచె లేని యంత్రాన్ని ఒక్కదాన్ని ఆపించవచ్చు, అంతే. ఆ సంగతి ఆ రోజు సక్రుకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆమె అడిగింది ఒక్కటే. సూర్యాపేటలో, కోదాడలో ఆవిష్కరణకు ఆమెను పిలవలేదు. మిర్యాలగూడ సొంత ఊరి కింద లెక్క కనుక అక్కడ తెర ఆమె చేతే తీయించాలని కమిటీ నిర్ణయించింది. దానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

“నా చేతుల గుడ్డ గుంజిపిస్తె గా రాత నేను ఒప్పుకున్నట్టే గద సారు. ఆయన అందరి కోసం ఆడిన అబద్ధం. గిప్పుడు నాతోని మిల్లోళ్ల కోసం ఆడిపిస్తున్నరు. నువ్వు రాసుకున్నది పట్టుకొని రా. నాకు చదువు రాదు, నువ్వే చదువు.”

రెండు రోజుల తర్వాత ఆ జూలై డైరీ సంచిలో పెట్టుకుని, కమిలితో కలిసి మిల్లు ఆఫీసుకు వెళ్లాను. విగ్రహాల కమిటీ చైర్మన్ పాత యజమాని కొడుకు. ప్రమాదం జరిగిన నాటికి స్కూల్లో చదువుతుండేవాడు. తండ్రి లేడు, ఆ గుమాస్తా కూడా పోయాడు. చైర్మన్ లేచి కుర్చీ వేశాడు. కమిలికి కూడా వేయించాడు. ఆమె కూర్చోలేదు.

నేను కోపం దాచుకోలేదు. చెయ్యి తప్పు, నిలుపు తప్పు, బూట్లు తప్పు, పలక మీది మాట అన్నింటికన్నా పెద్ద తప్పు అన్నాను. వేళ్లు పోయింది ఈ ప్రహరీ లోపల, కబడ్డీ బరిలో కాదన్నాను. పోగొట్టిన చోటివాళ్లే దాన్ని త్యాగమని చెక్కించి కింద తమ పేరు వేసుకోవడం సిగ్గుమాలిన పని అని కూడా అన్నాను.

ఆయన కోప్పడలేదు. బీరువా తెరిచి, పాత అట్ట పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

“సార్, మీరు పెద్దలు. ఇది మీ పుస్తకమే. నాన్న పారెయ్యలె. మీరు రాసిందే మేం చెక్కించినం.”

పేజీ తిప్పి పెట్టాడు. నా చేతిరాతే. పైన తేదీ, కింద సంతకం, రబ్బరు స్టాంపు. కంచె ఉన్నదనీ, దాన్ని సక్రమంగా ఉంచాలనీ ఒక వాక్యం. దాని కింద ఇలా ఉంది. “ఒక హమాలీ ఎడమ చేతికి గాయం కలదు. కబడ్డీ ఆటలో తగిలినట్లు కార్మికుడు తెలిపాడు. మిల్లు పనికి సంబంధం లేదు.”

మొదటి రెండు వాక్యాలకు సాకు చెప్పుకోవచ్చు. అతను అన్నాడు, నేను రాశాను. మూడోది ఎవరూ అనలేదు. గుమాస్తా అడగలేదు, సక్రు చెప్పలేదు, పై అధికారి రాయమనలేదు. రిమార్కు చక్కగా ముగియాలని నేనే చేర్చాను. అప్పటికి నా వేలికి ఆకుపచ్చ రంగు అంటుకునే ఉంది. సాయంత్రం గేదెలను చూశాక కూడా వెనక్కి వెళ్లి ఆ వాక్యం కొట్టేయలేదు.

“జిల్లా గెలుపు కోసం అన్నది మాత్రం కమిటీ కలిపింది,” అన్నాడు చైర్మన్. “అది లేకుంటె రాయి మీద బాగుండదన్నరు.”

నేను డైరీ తీసి చదివాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, ఇది మీ సొంత పుస్తకం, గవర్నమెంటు పుస్తకం అది అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాటే సరి. విచారణలో నేను కూడా అలాగే అని ఉండేవాణ్ణి.

కమిలి రెండు పుస్తకాల వైపూ చూసింది.

“గా రెండు ఒక్క చెయ్యే రాసింది గద. ఏది అబద్ధమో రాసినాయన్నే అడుగు.”

చైర్మన్ అడగలేదు. అడగకుండానే చెప్పాను. మీ బీరువాలోదే అబద్ధం, అది రాసింది నేనే, ఆ మాట సంతకం పెట్టి ఇస్తాను అన్నాను. అక్కడే తెల్లకాగితం మీద జరిగినది, చూసినది, నేను తప్పు రాసినది వరసగా రాశాను. ఆయన కాగితం తీసుకోలేదు. పుస్తకం ఎప్పుడో ముగిసింది, ఇప్పుడు దాంట్లో ఏం పెట్టినా చెల్లదన్నాడు. అదీ నిజమే. కాగితం కమిలికి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి రవికెలో పెట్టుకుంది.

“నేను గుడ్డ గుంజ,” అంది.

“నువ్వు గుంజకుంటె ఇంకొకలు గుంజుతరు, కమిలమ్మా.”

“గుంజుమను. నేను ఆడనే నిలవడత. గుడ్డ వడంగనే చేతికి ఎన్ని వేళ్లున్నయో లెక్కవెట్టుండ్రి అంట. కింద ఏమున్నదో సదువుండ్రి అంట. మా తండ హమాలోళ్లంత నా పొంటి ఉంటరు. ఇగ మీరే సూస్కోండ్రి.”

ఆయన పుస్తకం మూసి మళ్లీ బీరువాలో పెట్టాడు. మంచివాడా చెడ్డవాడా అన్నది నేను తేల్చలేను. తండ్రి పేరు మీద ఏదో చేయాలనుకున్నాడు, చేతికి దొరికిన కాగితం మీద చేశాడు. కానీ ఆ కాగితం అబద్ధమని రాసినవాడే ఎదురుగా చెప్పాక కూడా రాయి వైపే నిలబడ్డాడు. దానికి నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మూడో రోజు కబురు వచ్చింది. చెయ్యి సరిచేయిస్తారు. పలక మీద పేరు, ఊరు, ఆట, అంతే ఉంటాయి. వేళ్లు ఎలా పోయాయన్న మాట ఉండదు. మిల్లు మాట అసలే ఉండదు.

నేను ఒప్పుకోవద్దన్నాను. పూర్తి నిజం చెక్కించేదాకా పట్టుబట్టాలన్నాను. కమిలి వినలేదు.

“అబద్ధం లేకుంటె సాలు సారు. నిజం నీ కాయితంల ఉన్నది. మా పిల్లలు సదువుకుంటరు.”

శిల్పి హ్యాక్‌సా బ్లేడు తెచ్చుకున్నాడు. అప్పటికే విగ్రహం మిర్యాలగూడలో దిమ్మె మీదికి ఎక్కింది. ఎంతవరకు కోయాలని అడిగాడు. నేను డైరీ తెరిచి చదివాను. చిటికెన వేలు మొదలంటా, ఉంగరపు వేలు మధ్య కణుపు దాకా.

“మధ్య కణుపు గాదు,” అంది కమిలి. “గప్పుడు కట్టు ఉండె గద, నీకేం గానొస్తది? ఇంకింత ఉండె. గా మొండితోనే ముద్ద ఆపుకొని తింటుండె. ముప్ఫై ఏండ్లు ముంగట కూసొని సూసినదాన్ని, నాకెరుకలేదా?”

నిచ్చెన మీదున్న శిల్పికి తన వేలి మీద గోటితో చూపించింది. అతను అక్కడ సుద్దముక్కతో గీత గీసి, మరొకసారి ఆమెకు చూపి, కోశాడు. లోపలి ఇనప ఊచ దగ్గర బ్లేడు ఆగింది. ఊచ కోయడానికి ఎక్కువసేపు పట్టింది. తెగిన చోట సిమెంటు మెత్తి రంగు వేశాడు. నేను డైరీలో మధ్య కణుపు అన్నది కొట్టేసి, పక్కన ఆమె చెప్పిన కొలత రాసి, ఆ రోజు తేదీ వేసి పొట్టి సంతకం చేశాను.

“ఇప్పుడు ఓటడిగినట్టు లేదండి,” అన్నాడు శిల్పి కిందికి దిగి.

ఆవిష్కరణ నాడు కమిలి తెర లాగింది. ఆమె మాట్లాడలేదు, ఎవరూ మాట్లాడమనలేదు. బూట్లు అలాగే ఉన్నాయి, వాటికి టైము లేదన్నారు. హమాలీల్లో పాతవాడొకడు చెయ్యి వైపు చూసి, ఇగ వీడు మనోడే అన్నాడు.

సూర్యాపేట, కోదాడ విగ్రహాలు ఈనాటికీ అయిదు వేళ్లు చూపిస్తూనే ఉన్నాయి, వాటి కింద రాత కూడా అలాగే ఉంది. సరిచేయమని కమిటీకి రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. నకళ్లు ఫైలులో ఉన్నాయి. మూడోసారి కూడా రాస్తాను.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇది. తనిఖీ అధికారి విన్నది వేరు, చూసినది వేరు. విన్నదాన్ని ప్రభుత్వ పుస్తకంలో రాసి, చూసినదాన్ని ఇంటికి తీసుకువెళ్లాను. తిరగవేసి చేయవలసింది. రాసినవాడు మరచిపోయినా పుస్తకం మరవదు. ముప్ఫై ఏళ్లకు దాన్ని ఎవరో ఒకరు తీసి రాతి మీద చెక్కిస్తారు. కనుక కొత్తగా ఈ ఉద్యోగంలో చేరేవారు వేలికి పెయింటు అంటితే, ఆ మాట మిల్లు గేటు దాటకముందే, సంతకానికి పైన రాయాలి.